‘మీ కార్ కోడ్‌కే కలిపిస్తాం’ అని స్ప్రే డబ్బాలు అమ్మేవాళ్లతో జాగ్రత్త (రాణిగంజ్ వెళ్లేవాళ్లు తప్పక చదవండి)

చేతికి అంటిన సిల్వర్ ఇంకా పోలేదు. గోళ్ల సందుల్లో ఉండిపోయింది. నిన్న రాత్రి అన్నం కలుపుతుంటే మా ఆవిడ చూసి "స్పూనుతో తినండి" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

విషయం గబగబా చెప్పేస్తా. మాది పాత స్విఫ్ట్, సిల్వర్. పోయిన నెల హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఒక ఆటో ఎడమవైపు ముందు ఫెండర్‌ని (ముందు చక్రం పైన ఉండే రేకుని) గీసుకుంటూ పోయింది. జానెడు గీత, ఒకచోట రేకు కనిపిస్తోంది. మా నాచారంలో డెంటింగ్ పెయింటింగ్ మిస్త్రీ 3,500 అన్నాడు. ఒక్క గీతకి 3,500 ఏంటి అనిపించింది. వారం రోజులు కూర్చుని, ఇంట్లోనే స్ప్రే డబ్బాతో కారుకి రంగు కొట్టుకునే వీడియోలు చూశా. వాటిలో చిన్న పిల్లలు కూడా కొట్టేస్తున్నారు, నాకెందుకు రాదనుకున్నా. నా తెలివి అలా ఏడ్చింది.

షాపు పేరు రాయను. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కారు రంగులు కొన్నవాళ్లకి ఇలాంటి షాపుల సంగతి చెప్పక్కర్లేదు: ముందు ‘కంప్యూటర్ మ్యాచింగ్’ అని బోర్డు, కౌంటర్ మీద షేడ్ కార్డుల కట్ట, వెనక ఎవరినీ రానివ్వని మిక్సింగ్ రూమ్. నేనేమీ ఊరికే వెళ్లలేదు. బండికి కంపెనీ వేసిన ప్లేటు మీది కలర్ కోడ్ రాసుకున్నా, జెడ్2ఎస్. ఎండకి రంగు కొంచెం వెలిసి ఉంటుంది కదా, కోడ్ ఒక్కటే చాలదని పెట్రోల్ మూత ఊడదీసి సంచిలో వేసుకుని మరీ వెళ్లా. కౌంటర్ దగ్గరున్నాయన మూతని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "సిల్కీ సిల్వర్, అరే రోజూ కలిపే రంగే సార్, హండ్రెడ్ పర్సెంట్ మ్యాచ్" అన్నాడు. మూత పట్టుకుని లోపలికి వెళ్లాడు. ఇరవై నిమిషాలు. లోపల్నుంచి కంప్రెసర్ చప్పుడు. నేను బయట టీ తాగుతూ ‘భలే, గ్యాస్ డబ్బాలోకి రంగు నింపుతున్నాడు’ అని మురిసిపోయా.

ఆ ఇరవై నిమిషాలూ ఆయన లోపల చేసింది స్టిక్కర్ అంటించడం.

రెండు కలర్ డబ్బాలు, ఒక్కోటి 750. ప్రైమర్ (రంగు కింద వేసే పూత) 350, క్లియర్ (రంగు పైన వేసే మెరుపు పూత) 450. మొత్తం 2,300. బిల్లు అడిగితే "బిల్లు కావాలంటే 18 శాతం ఎక్స్‌ట్రా పడ్తది సార్, మీ ఇష్టం" అన్నాడు. మన ఇష్టం ఏముంది, 414 రూపాయలు మిగిలాయని సంతోషించా. ఫోన్‌లో డబ్బు పంపితే షాపు పేరు కాదు, ఎవరిదో వేరే పేరు వచ్చింది. అదీ చూశా. చూసి కూడా పంపా.

ఆదివారం పొద్దున సెల్లార్‌లో మొదలుపెట్టాం, నేనూ మా బావమరిదీ. 400 నంబర్ వాటర్ పేపర్‌తో (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) గీత అంచులు దిగ్గొట్టి, తర్వాత 800తో నీళ్లు పోస్తూ రుద్ది, టైరుకీ డోరుకీ హెడ్‌లైటుకీ పాత పేపర్లు అంటించాం. ప్రైమర్ బాగా వచ్చింది. అది నిజంగానే ప్రైమర్, ఆ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. అరగంట ఆగి, మళ్లీ మెల్లగా పేపర్ పట్టి, కలర్ మొదలుపెట్టా. డబ్బా రెండు నిమిషాలు ఊపి, జానెడు దూరంలో పెట్టి, అటు నుంచి ఇటు సన్నగా. వీడియోలో చెప్పినట్టే.

నేను బోల్తా పడింది ఇక్కడే. కారుకి వేసే సిల్వర్ బేస్ కోట్, అంటే క్లియర్ కింద ఉండే రంగు పొర, పది పదిహేను నిమిషాల్లో మెరుపు లేకుండా, సుద్ద పూసినట్టు చప్పగా ఆరిపోతుంది. మెరుపంతా తర్వాత వేసే క్లియర్‌తోనే వస్తుంది. నాది కొట్టిన వెంటనే గ్లాసులా మెరిసింది. "బావా, షోరూమ్ బండిలా ఉంది" అన్నాడు బావమరిది. నేనూ ఒప్పుకున్నా. ఇరవై నిమిషాలైనా జిగురుగానే ఉంది, ఒక దోమ వచ్చి వాలి అక్కడే ఉండిపోయింది. దోమని చూసైనా అనుమానం రావాలా వద్దా? వర్షాకాలం కదా, గాలిలో తేమ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. షాపాయన "ఇరవై నిమిషాలు ఆగి క్లియర్ కొట్టేయండి" అన్నాడు కాబట్టి కొట్టేశా.

ఒక నిమిషం బాగానే ఉంది. తర్వాత ఫెండర్ మధ్యలో కదలిక మొదలైంది. కాచిన పాలు చల్లారేటప్పుడు మీగడ ముడుచుకుంటుంది చూడండి, అచ్చం అలా. కళ్ల ముందే ముడతలు లేచి, అంచుల దాకా పాకి, చక్రం పైన అయితే పెచ్చుగా ఉబ్బింది. ఇద్దరం డబ్బాలు పట్టుకుని నిలబడి చూస్తూ ఉన్నాం. వాచ్‌మన్ యాదయ్య తాత చీపురు ఆపి వచ్చి చూసి, "కొత్త డిజైనా సార్?" అన్నాడు. వెటకారమో, నిజంగానే అడిగాడో ఇప్పటికీ తెలీదు.

కలర్ డబ్బా ఎన్నాళ్ల నాటిదో తేదీ చూద్దామని పైన పడ్డ తుంపరని థిన్నర్ గుడ్డతో తుడిచా. మార్కర్‌తో ‘జెడ్2ఎస్’ అని రాసిన తెల్ల స్టిక్కర్ మూల లేచింది. లాగితే మొత్తం ఊడి వచ్చింది. కింద ఇంకో లేబుల్. అల్యూమినియం సిల్వర్, గేట్లకీ గ్రిల్స్‌కీ, సింథటిక్ ఎనామెల్. తయారీ తేదీ రెండున్నరేళ్ల కిందటిది. ఎమ్మార్పీ ఉండాల్సిన చోట గోటితో గీకేసి ఉంది. రెండో డబ్బా స్టిక్కర్ కూడా పీకా. అదే.

ముడతలు ఎందుకొచ్చాయో అప్పుడు వెలిగింది. గేటు ఎనామెల్ పైపైన ఆరినట్టు కనిపించినా లోపల గట్టిపడటానికి రోజులు పడుతుంది. దాని మీద ఘాటైన సాల్వెంట్ ఉన్న క్లియర్ పడితే కింది పొర నానిపోయి ఉబ్బి లేస్తుంది. నా చెయ్యి తప్పు కాదు. కనీసం మొత్తం నా చెయ్యి తప్పు కాదు. (అదే డబ్బా మా వీధి హార్డ్‌వేర్ షాపులో 260కి ఉందని సాయంత్రం తెలిసింది. అది వేరే మంట.)

సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టి డబ్బాలూ, ఊడిన స్టిక్కర్లూ, ఫోన్‌లో ఫొటోలూ పట్టుకుని వెళ్లా. కౌంటర్ దగ్గర ఇంకో కస్టమర్ ఉన్నాడు, ఎర్ర కారు షేడ్ చూసుకుంటున్నాడు. ఆయన ముందే డబ్బా కౌంటర్ మీద పెట్టి "అన్నా, ఇదేంటి?" అని అడిగా. డబ్బా వైపు చూడను కూడా చూడలేదు.

"బిల్లు ఉందా సార్?"

లేదన్నా. మీరే వద్దన్నారు కదా అన్నా.

"మేం వద్దనలే సార్, మీరే వద్దన్నరు. ఆ స్టిక్కర్ మాదే అని ఏం గ్యారంటీ? మీరే ఇంటికాడ అంటించి తెచ్చిన్రేమో."

నోట మాట రాలేదు. నిజంగా. పెట్రోల్ మూత పట్టుకుని అరగంట ఆయన ముందే నిలబడ్డవాణ్ని, మొన్న శుక్రవారమే! నేను గొంతు పెంచేసరికి ఆయన గొంతు తగ్గించి, అటు తిరిగి, "చోటూ, సార్‌కి మంచినీళ్లియ్యి, ఎండల వడి వచ్చినట్టున్నడు" అన్నాడు. బయట ముసురు పడుతోంది. ఎర్ర కారాయన నవ్వు ఆపుకున్నాడు. తర్వాత, "పెయింట్ మంచిదే సార్, కొట్టెటోనికి చెయ్యి ఉండాలె. వీడియోలు చూసి ఎవరైనా పెయింటరయితరా?" అంటూ ఒక కార్డు నా ముందుకి తోశాడు. వాళ్ల పెయింటర్‌దట. 5,500కి నీట్‌గా చేసిస్తాడట.

డబ్బులు పోయినందుకు కాదు, ఆ కార్డు తోసినందుకు ఇది రాస్తున్నా. నిన్నటి నుంచి స్నానం చేస్తున్నా, బండి నడుపుతున్నా, ఆయనకి అప్పుడు చెప్పాల్సిన జవాబులే నోట్లో తిరుగుతున్నాయి. అక్కడ మాత్రం ఒక్కటీ రాలేదు. పైగా ఇంకా సిగ్గుచేటు, కార్డు జేబులో పెట్టుకుని వచ్చా.

చివరికి మా నాచారం మిస్త్రీ దగ్గరికే వెళ్లా. గీత మీద చెయ్యి పెట్టి చూసి చాలాసేపు ఏమీ అనలేదు, పెద్దమనిషి. ఎనామెల్ మొత్తం రేకు దాకా గీకాలట. సిల్వర్ ఒక్క ఫెండర్‌కి వేస్తే పక్కన తేడా కొడుతుందట, డోరు మీదికి కూడా కొంచెం కలుపుకుంటూ వెళ్లాలట. 6,000. వాటర్ పేపర్లు, టేపులతో కలిపి నా ప్రయోగం ఖర్చు 2,540. మొత్తం 8,540. 3,500 ఎక్కువని మొదలుపెట్టిన పని ఇది.

ఇప్పటికీ స్ప్రే డబ్బాలే కొంటానంటే, షాపులోనే ఒక రేకు ముక్క మీద కొట్టించి పావుగంట అక్కడే నిలబడండి, మెరుస్తూ జిగురుగా ఉంటే అది కారు రంగు కాదు. స్టిక్కర్ మూల గోటితో లేపి చూడండి, కింద తేదీ, ధర ఉన్నాయో లేదో కూడా. బిల్లు మాత్రం వదలకండి, అడిగినా బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారమే తప్పు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశా, ఫిర్యాదు రాసుకున్నారు. నా దగ్గరున్నది డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, రెండు స్టిక్కర్లు, అంతే. చూడాలి.

కారు మిస్త్రీ దగ్గరుంది. గురువారం ఇస్తానన్నాడు. ఏ గురువారమో నేను అడగలేదు.