అంగ్‌కోర్‌కు ఒక్క పూట చాలదు: అమ్మానాన్నలతో కంబోడియా

వియత్నాంతో కలిపి కంబోడియా చూపించే ప్యాకేజీలు మన ట్రావెల్ ఏజెంట్ల దగ్గర ఇప్పుడు బోలెడు. చాలావాటిలో వరస ఒకటే. తెల్లవారుజామున అంగ్‌కోర్ వాట్ గుడి, మధ్యాహ్నం లోపు అక్కడే ఉన్న బయోన్, తా ప్రోమ్ గుళ్లు, సాయంత్రం షాపింగ్, మర్నాడు ఫ్లైట్. మాకూ అలాంటి ప్లానే ఇచ్చారు. వద్దనుకుని అమ్మానాన్నలనీ తమ్ముణ్నీ తీసుకుని సొంతంగా వెళ్లొచ్చాం. రామాయణ భారతాలు వింటూ పెరిగిన మనవాళ్లు అంగ్‌కోర్‌ను ఒక్క పూటలో ముగించుకుని రావడం అన్యాయం. డబ్బు తగ్గించుకోవాలంటే హోటల్లో తగ్గించుకోండి, తిరుగుడులో తగ్గించుకోండి. గుళ్ల దగ్గర సమయం మాత్రం తగ్గించొద్దు.

ముందు కాగితాల సంగతి. పాస్‌పోర్టుకు ఇంకా కనీసం 6 నెలల గడువుండాలి. మనవాళ్లకు వీసా తప్పనిసరి. ఎయిర్‌పోర్టులో దిగాక కూడా ఇస్తారు, కానీ పెద్దవాళ్లతో వెళ్తున్నప్పుడు అర్ధరాత్రి క్యూలో నిలబడే టెన్షన్ ఎందుకని మేం ముందే ఈ-వీసా తీసుకున్నాం. టూరిస్ట్ వీసా రుసుము 30 డాలర్లు. ఒక్కసారి ప్రవేశానికి, 30 రోజులు ఉండడానికి పనికొస్తుంది. పాస్‌పోర్టు మొదటి పేజీ స్కాన్, ఒక ఫొటో ఉంటే చాలు. గూగుల్‌లో వెతికితే ప్రభుత్వ సైట్‌లాగే కనిపించే ప్రైవేటు సైట్లు పైన వస్తాయి, అదే వీసాకు రెండింతలకు పైగా అడుగుతాయి. అడ్రస్ చివర ప్రభుత్వ డొమైన్ (.gov.kh) ఉందో లేదో చూసుకుని డబ్బు కట్టండి. వీసా కాగితాన్ని ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో ఉందిలే అనుకుంటే చార్జింగ్ అయిపోయేది సరిగ్గా కౌంటర్ దగ్గరే.

దీంతో పాటు ఈ-అరైవల్ అని ఇంకోటి నింపాలి. విమానంలో వచ్చేవాళ్లందరికీ 2024 సెప్టెంబరు నుంచి తప్పనిసరి చేశారు. పూర్వం విమానంలో పంచే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్, ఆరోగ్య ఫారాలన్నిటికీ ఇదొక్కటే బదులు. దిగడానికి 7 రోజుల ముందు నుంచి నింపొచ్చు, పైసా కట్టక్కర్లేదు, చివర్లో క్యూఆర్ కోడ్ వస్తుంది. దీనికి కూడా డబ్బులడిగే నకిలీ సైట్లున్నాయి. ఇంట్లో కూర్చుని నలుగురివీ నింపి, స్క్రీన్‌షాట్లు ఎవరి ఫోన్‌లోకి వాళ్లవి పంపేశాను.

వీసా చేతిలో ఉన్నా, మనవైపు ఎయిర్‌పోర్టులో ప్రశ్నలకు సిద్ధపడాలి. ముఖ్యంగా ఒంటరిగా వెళ్లే కుర్రాళ్లు. మమ్మల్ని పెద్దగా ఏమీ అడగలేదు కానీ తమ్ముణ్ని పక్కకు పిలిచి తిరుగు టికెట్, హోటల్ బుకింగులు, ఏం ఉద్యోగం, ఎందుకు వెళ్తున్నావు, అన్నీ అడిగారు. అడగాల్సిందే కూడా. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఆశపెట్టి ఉత్తరాంధ్ర పిల్లల్ని టూరిస్ట్ వీసాల మీద కంబోడియా పంపి, అక్కడ సైబర్ మోసాల ముఠాలకు అప్పగించిన ఏజెంట్ల బండారాన్ని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో బంధించి, మన వాళ్ల చేతే మన వాళ్లకు మోసపు ఫోన్లు చేయించారు. టూరిస్ట్ వీసా మీద ఉద్యోగం చేయడం అక్కడ చట్టరీత్యా కుదరదు. మీ ఊళ్లో ఎవరైనా కుర్రాడు "కంబోడియాలో కంప్యూటర్ జాబ్, వీసా ఏజెంటే చూసుకుంటాడు" అంటే దయచేసి ఆపండి.

డబ్బు విషయానికొస్తే, అక్కడి కరెన్సీ రియెల్ అయినా బజారంతా డాలర్లలోనే నడుస్తుంది. డాలర్‌కు సుమారు 4,000 రియెళ్లు. మీరు డాలర్లిస్తే చిల్లర రియెళ్లలో వస్తుంది. ఇక్కడ మనీ ఎక్స్ఛేంజ్‌లో తీసుకునేటప్పుడే ఒక్కో నోటూ తిప్పి చూసుకోండి. నీళ్ల సీసాలు కొన్న కొట్లో ఆవిడ మా 20 డాలర్ల నోటును వెలుతురుకు పెట్టి చూసి, మడత దగ్గర గోరంత చిరుగును వేలితో చూపించి, నవ్వుతూనే వెనక్కి ఇచ్చేసింది. తర్వాత హోటల్లోనూ అదే అయింది. ఒకటి, అయిదు డాలర్ల నోట్లు ఎక్కువ పట్టుకెళ్లండి. టుక్‌టుక్ వాళ్ల దగ్గర వందకు చిల్లర దొరకదు.

అంగ్‌కోర్ గుళ్లకు దగ్గరి ఊరు సియామ్ రీప్. అక్కడి కొత్త ఎయిర్‌పోర్టు 2023 అక్టోబరులో మొదలైంది. ఊరికి దగ్గరున్న పాతదాన్ని మూసేశారు. కొత్తది బాగుంది, కానీ ఊళ్లోకి గంట ప్రయాణం. అందుకని హోటల్ వాళ్లతో ముందే కారు మాట్లాడుకున్నాం. ఊళ్లో తిరగడానికి ఫోన్‌లో బండి పిలిపించుకునే యాప్‌లు గ్రాబ్, పాస్‌యాప్ రెండూ పనిచేస్తాయి, బేరాల గొడవ లేదు. సిమ్ కార్డు ఎయిర్‌పోర్టులోనే పాస్‌పోర్టు చూపించి తీసుకోవచ్చు.

బసకు పబ్ స్ట్రీట్ చుట్టుపక్కల హోటళ్లు చవగ్గానే దొరుకుతాయి, కానీ అర్ధరాత్రి దాకా పాటల మోత. నది అవతల వాట్ బో వైపు గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. చెట్లు, చిన్న స్విమ్మింగ్ పూల్, పొద్దున్నే ఊడ్చిన వాకిలి. తెల్లవారుజామున బయల్దేరేవాళ్లకు టిఫిన్ పొట్లం కట్టి ఇచ్చారు. పబ్ స్ట్రీట్‌కు నడిచి వెళ్లేంత దూరమే. పెద్దవాళ్లుంటే ఇటువైపే మేలు.

ఇక గుళ్లు చూడ్డానికి కొనాల్సిన టికెట్, అంగ్‌కోర్ పాస్. ఒక రోజుకు 37 డాలర్లు, 3 రోజులకు 62, 7 రోజులకు 72. మొదటి రోజుకు 37 కట్టేవాళ్లు ఇంకో 25 వేస్తే మరో రెండు రోజులు దొరుకుతాయి. పైగా 3 రోజుల పాస్‌ను వరసగా వాడక్కర్లేదు, 10 రోజుల్లో ఏ మూడు రోజులైనా సరే. అమ్మానాన్నలకు మధ్యలో ఒక రోజు విశ్రాంతి ఇవ్వగలిగింది దీనివల్లే. కౌంటర్‌లో అక్కడికక్కడే మన ఫొటో తీసి పాస్ మీద వేస్తారు, కాబట్టి ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. సాయంత్రం 5 దాటాక మర్నాటికి తీసుకుంటే, ఆ సాయంత్రం సూర్యాస్తమయం చూడ్డానికి లోపలికి వెళ్లనిస్తారు. ప్రతి టికెట్ మీద 2 డాలర్లు కాంతా బోఫా పిల్లల ఆసుపత్రులకు వెళ్తాయి. 12 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, వయసు చూపించడానికి పాస్‌పోర్టు ఉండాలి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి.

అంగ్‌కోర్ వాట్‌ను 12వ శతాబ్దం మొదటి సగంలో ఖ్మేర్ రాజు రెండవ సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించాడు. గుడి పడమటి ముఖం. అందుకే సూర్యోదయం గోపురాల వెనక నుంచి కనిపిస్తుంది, జనమంతా ఎడమవైపు కొలను గట్టున ఫోన్లు పట్టుకుని నిలబడతారు. మీరూ చూడండి, కానీ ఎండ పొడవగానే అందరూ టిఫిన్లకు వెళ్లిపోతారు. లోపలికి వెళ్లాల్సిన సమయం అదే. ఆ గంటలో వసారాలు దాదాపు ఖాళీ.

లోపలికి వెళ్లి కుడివైపు తిరిగితే కురుక్షేత్రం. గోడ పొడవునా రెండు సైన్యాలు రెండు కొసల నుంచీ నడిచొచ్చి మధ్యలో కలబడతాయి. గైడ్ నోరు విప్పకముందే అమ్మ అంపశయ్య మీద భీష్ముణ్ని గుర్తుపట్టేసింది. అక్కడి నుంచి ముందుకెళ్తే మూల తిరిగాక సూర్యవర్మ ఊరేగింపు, తర్వాత యముడి కొలువు, మళ్లీ మూల తిరిగితే క్షీరసాగర మథనం. ఈ వరసలో నడుస్తుంటే గర్భగుడి మన ఎడమచేతి వైపుంటుంది, అంటే ప్రదక్షిణకు ఎదురు దిశ. ఇదేంటి అపసవ్యంగా, అని నాన్న అడిగారు. పడమటి ముఖం, ఈ అపసవ్యపు వరస రెండూ చూసి, రాజు అంత్యక్రియలతో ముడిపడిన గుడి అయి ఉంటుందని పండితుల్లో కొందరి వాదన.

మథనం దగ్గర తొందరపడొద్దు. దాదాపు 49 మీటర్ల గోడ. వాసుకిని పట్టుకుని లాగే దేవదానవుల కండలు, మధ్యలో కూర్మం మీద మందరం, దాని దగ్గర విష్ణువు, పైన నురుగులోంచి లేచే అప్సరసలు, ఇవన్నీ దూరం నుంచే కనిపిస్తాయి. దగ్గరకెళ్లి కింది వరస చూడండి. సముద్రంలో చేపలు, మొసళ్లు గుంపులుగా ఈదుతుంటాయి. మందరం దగ్గరపడేకొద్దీ ఆ చేపలు రెండు ముక్కలై, తోకలు తెగి ఉంటాయి. చిలుకుడు ఎంత ఉద్ధృతంగా ఉందో చెప్పడానికి ఆ శిల్పి నీళ్లను చెక్కలేదు, తెగిన చేపలను చెక్కాడు. ప్యాకేజీ గుంపులు ఈ గోడ ముందు ఫొటో దిగి వెళ్లిపోవడం చూస్తే బాధేసింది.

ఎడమవైపు, అంటే పడమటి వసారా ఉత్తర సగంలో లంకా యుద్ధం ఉంది. ఈ వసారాకు వెలుతురు మధ్యాహ్నం తర్వాతే బాగా పడుతుంది కాబట్టి ఇంకో సాయంత్రం మళ్లీ వెళ్లాం. పాస్ ఉంది కదా. బయటి పడమటి గోపురంలో ఎనిమిది చేతుల విష్ణుమూర్తి నిలువెత్తు కంటే పెద్ద విగ్రహం ఉంది. ఊరివాళ్లు తా రీచ్ అని పిలుస్తారు, పసుపు వస్త్రం కట్టి అగరొత్తులు, తామర మొగ్గలు పెట్టి ఇప్పటికీ మొక్కుతారు. అమ్మ కూడా వాళ్ల వరసలో నిలబడి దణ్ణం పెట్టుకుంది.

పై అంతస్తు, బాకన్ అంటారు, నిటారు మెట్లు. ఒకేసారి 100 మందినే పంపుతారు, 12 ఏళ్ల లోపు పిల్లలను రానివ్వరు, బౌద్ధ పర్వదినాల్లో మూసేస్తారు. మోకాళ్ల నొప్పులున్న నాన్న కింద నీడన కూర్చున్నారు. ఆ మెట్లు ఎక్కకపోతే వెలితేమీ లేదు, గోడలే అసలైనవి.

తా ప్రోమ్‌లో వేళ్లు గోడలను పట్టుకున్న ఫొటోలు అందరూ చూసినవే. మన పురావస్తు శాఖ అక్కడ మరమ్మతులు చేస్తోందని తెలిస్తే గర్వంగా అనిపిస్తుంది. బయోన్‌కు పొద్దున్నే వెళ్లండి, పది దాటితే ఎండ, గుంపులు రెండూ ఎక్కువ.

బంతే శ్రీకి మాత్రం ఒక పూట పూర్తిగా ఇవ్వండి. 967 నాటి శివాలయం, గులాబీ రంగు ఇసుకరాయి. కైలాసాన్ని ఎత్తే రావణుడు, మన్మథుణ్ని కాల్చే శివుడు, వాలిసుగ్రీవుల పోరు, అన్నీ చేతికందే ఎత్తులో, కొయ్య మీద చెక్కినంత సన్నగా. మెట్లు తక్కువ, గుడి చిన్నది, పెద్దవాళ్లకు సుళువు. పట్నానికి 35 కిలోమీటర్ల దూరం కాబట్టి టుక్‌టుక్ కాదు, కారు తీసుకోండి. టికెట్ అంగ్‌కోర్ పాస్‌లోనే ఉంది. కులెన్ కొండకు మాత్రం విడిగా 20 డాలర్లు. నది అడుగున చెక్కిన శివలింగాలు చూడాలనుకుంటే, అంగ్‌కోర్ పాస్‌తోనే వెళ్లగల క్బాల్ స్పియన్ ఉంది, కానీ అడవిలో కిలోమీటరున్నర ఎక్కాలి. నాన్నను వదిలేసి తమ్ముడూ నేనూ వెళ్లొచ్చాం.

శాకాహారులకు సియామ్ రీప్‌లో ఇబ్బంది లేదు, మన ఉత్తరాది హోటళ్లు చాలా ఉన్నాయి. స్థానిక హోటల్లో అయితే "వెజిటేరియన్" అంటే చాలదు. చేపల సాస్, గుడ్డు వాళ్ల లెక్కలో మాంసం కాదు. రెండూ వద్దని విడిగా చెప్పాలి. కొబ్బరిపాలతో వండే ఆమోక్‌ను చేప బదులు టోఫుతో చేయించుకున్నాం, అమ్మకు నచ్చింది.

రాజధాని నాంపెన్‌లో రాజప్రాసాదం, నేషనల్ మ్యూజియం చూశాం. 1970ల్లో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు నిరంకుశుల పాలనలో బడిని జైలుగా మార్చిన తువోల్ స్లెంగ్‌కు తమ్ముడూ నేనే వెళ్లాం. చూడాల్సిన చోటే, కానీ గదుల గోడల నిండా చనిపోయినవాళ్ల ఫొటోలు. పెద్దవాళ్లకు, పిల్లలకు ముందే చెప్పి వాళ్ల ఇష్టానికి వదిలేయండి. నాంపెన్‌లో మా హోటల్ గదికి కిటికీయే లేదు. సైట్‌లో ఫొటో పడక ఒక్కటే చూపించింది, కౌంటర్‌లో అడిగితే ఇది ఆ రకం గదే అన్నారు. నాంపెన్‌లో చవక గదుల్లో ఇది మామూలే, బుక్ చేసేముందు కిటికీ సంగతి అడగండి.

బ్యాంకాక్ నుంచి రోడ్డు మీద పోయిపెట్ మీదుగా వెళ్లొచ్చని పాత సలహాలు కనిపిస్తాయి. 2025లో థాయ్‌లాండ్, కంబోడియాల మధ్య కాల్పులు జరిగి ఆ సరిహద్దు దారులు మూతపడ్డాయి. విమానంలోనే వెళ్లండి, బయల్దేరే ముందు నాంపెన్‌లోని మన రాయబార కార్యాలయం సూచనలు చదవండి. సరిహద్దు పక్కనే ఉన్న ప్రీయా విహార్ గుడిని ప్లాన్‌లో పెట్టుకోవద్దు. మే నుంచి అక్టోబరు దాకా వానలు, ఏప్రిల్‌లో మన రాయలసీమ ఎండ. పెద్దవాళ్లతో అయితే డిసెంబరు, జనవరి నెలలే చూసుకోండి.