మెటల్‌కి ఏ బ్రిడ్జ్? ట్రెమొలో, హార్డ్‌టెయిల్ రెండూ ఏళ్ల తరబడి వాడాక

హెవీ మెటల్ కోసం ఒక్కటే గిటార్ కొనగలిగినవాళ్లకు నేను చెప్పేది ఒకటే: కదలని బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) ఉన్నది తీసుకోండి. నా దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. ఒకటి ఫ్లాయిడ్ రోజ్ తరహా ఫ్లోటింగ్ ట్రెమొలో, అంటే బార్ అనే కడ్డీతో అటూ ఇటూ కదిపి శ్రుతి దించి పెంచగల బ్రిడ్జ్. రెండోది తీగలు బాడీ వెనక నుంచి దూరి వచ్చే హార్డ్‌టెయిల్, అంటే కదలని బ్రిడ్జ్. ఇక్కడ ఒడిశాలోని బరంపురంలో ఇంట్లో సాధనకీ, దసరా పందిళ్లలో ప్రోగ్రాములకీ రెండింటినీ బాగా వాడాను. ట్రెమొలో అంటే నాకు ప్రాణం. అయినా నా మాట అదే.

బార్ నొక్కి తీగల్ని పూర్తిగా వదులు చేసి, మళ్లీ వదిలితే శ్రుతి ఉన్నచోటికే రావడం చిన్న విషయం కాదు. 1954లో స్ట్రాటోకాస్టర్ గిటార్‌తో వచ్చిన ట్రెమొలోని అంత గట్టిగా వాడితే తీగ నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర పట్టేసి శ్రుతి తప్పేది. 1970ల చివర్లో ఫ్లాయిడ్ రోజ్ అనే గిటారిస్టు తీగని నట్ దగ్గరా బ్రిడ్జ్ దగ్గరా రెండుచోట్లా బిగించేశాడు. పాంటెరా బ్యాండ్ గిటారిస్టు డైమ్‌బ్యాగ్ డారెల్ హార్మోనిక్ (తీగని తేలిగ్గా తాకి రప్పించే సన్నటి పై స్వరం) పట్టి బార్ పైకి లాగితే గుర్రం సకిలించినట్టు వినిపించే ఆ కేక హార్డ్‌టెయిల్ మీద రాదు.

కానీ మెటల్‌లో ఎక్కువసేపు వాయించేది రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరస. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఫ్లోటింగ్ బ్రిడ్జ్ రెండు పోస్టుల మీద కత్తి అంచులాంటి అంచుతో నిలబడి ఉంటుంది. 10-46 తీగల సెట్ (సన్నతీగ నుంచి లావుతీగ దాకా మందం, అంగుళంలో వెయ్యోవంతుల్లో) వేసి మామూలు శ్రుతిలో పెడితే ఆరు తీగలూ కలిసి ముందుకు లాగే బలం దాదాపు 47 కిలోలు. వెనక స్ప్రింగులు అంతే బలంతో అటు లాగుతుంటాయి. ఒక్క తీగ మారినా ఈ లెక్క మొత్తం కదులుతుంది.

పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగల్ని అణచి వాయించడం) చేసేటప్పుడు శ్రుతి చూపే ట్యూనర్ ఎదురుగా పెట్టుకుని చూడండి. అరచేతి అంచు బ్రిడ్జ్ వెనక భాగం మీద కాస్త బరువుగా పడితే చాలు, ముల్లు పైకి జరుగుతుంది. ఒంటరిగా వాయిస్తే పెద్దగా తెలియదు. పక్కన ఇంకో గిటార్ అదే రిఫ్ వాయిస్తుంటే, డిస్టార్షన్‌లో ఆ తేడా అలలు అలలుగా వినిపించి రిఫ్ పదును పోతుంది. చెయ్యి తేలికగా పెట్టడం అలవాటు చేసుకోవచ్చు, నేనూ చేసుకున్నాను. కానీ వేగంగా డౌన్‌పికింగ్ (ప్రతి దెబ్బా కిందికే కొట్టడం) చేస్తున్నప్పుడు ఆ జాగ్రత్త నిలవదు.

డ్రాప్ డి (అన్నిటికన్నా లావైన ఆరో తీగని ఒక స్వరం దించే శ్రుతి) సంగతి ఇంకా కష్టం. హార్డ్‌టెయిల్ మీద ఆరో తీగ పెగ్ తిప్పితే కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఫ్లోటింగ్ మీద ఆ తీగ దించగానే మిగతా అయిదూ పైకెక్కుతాయి. నట్ లాక్ విప్పి, అన్నీ సరిచేసి, స్ప్రింగుల టెన్షన్ చూసి, మళ్లీ బిగించాలి. పాటకీ పాటకీ మధ్య అయ్యే పని కాదు. ఒకసారి పందిరిలో పాట మధ్యలో నా మొదటి తీగ తెగింది. ఆ క్షణంలోనే మిగతా తీగలన్నీ శ్రుతి తప్పాయి. మా డ్రమ్మర్ ఒడియా కుర్రాడు, "భాయ్, ఇంకో గిటార్ తీసుకో" అని అరిచాడు. హార్డ్‌టెయిల్ పక్కనే ఉంది కాబట్టి పాట పూర్తయింది.

మా ఊరి గాలి గురించి కూడా చెప్పాలి. గోపాలపూర్ సముద్రం దగ్గరే. వానాకాలంలో బ్రిడ్జ్ మీది ఫైన్ ట్యూనర్లు (శ్రుతిని కొద్దికొద్దిగా సవరించే స్క్రూలు), తీగని పట్టి ఉంచే సాడిల్ స్క్రూలు తొందరగా తుప్పు పడతాయి. తుప్పు పట్టిన స్క్రూలో అలెన్ కీ జారితే గాడి అరిగిపోతుంది, ఆ తర్వాత తీగ మార్చడమే గగనం. వాయించాక పొడిగుడ్డతో తుడిచి, స్క్రూలకి కుట్టుమిషన్ నూనె చుక్క వేస్తాను. హార్డ్‌టెయిల్‌కీ తుప్పు వస్తుంది కానీ అక్కడ కదిలే భాగాలు తక్కువ. మా షాపుల్లో హార్మోనియం, తబలా, అకూస్టిక్ తీగలు దొరుకుతాయి గానీ, ట్రెమొలో విడిభాగాలు కావాలంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదా విశాఖపట్నమో భువనేశ్వరో వెళ్లినప్పుడు వెతకాలి.

మెటాలికా బ్యాండ్‌లో హెట్‌ఫీల్డ్ రిఫ్‌లకి ఎక్కువగా కదలని బ్రిడ్జ్ గిటార్లు వాడతాడు, సోలోలు వాయించే హామెట్ ఫ్లాయిడ్ రోజ్ వాడతాడు. ఆ పంపకం నాకు చాలా సబబుగా అనిపిస్తుంది.

నా ట్రెమొలోకి చివరికి ఒక మార్గం దొరికింది. వెనక స్ప్రింగులుండే గూట్లో సరిపోయేలా వడ్రంగి చేత టేకు ముక్క కోయించి పెట్టించి, స్ప్రింగులు బిగించాను. ఇప్పుడు బార్ కిందికి మాత్రమే పోతుంది. తీగ తెగినా మిగతావి నిలబడతాయి, డ్రాప్ డి నిలుస్తుంది, పామ్ మ్యూట్ గట్టిగా ఉంటుంది. పైకి లాగే కేకలు మాత్రం పోయాయి. అవి లేకుండా కుదరదు అనేవాళ్లు ఫ్లోటింగే కొనండి, కానీ చవకది వద్దు. మెత్తటి లోహం అయితే ఆ కత్తి అంచు త్వరగా అరుగుతుంది, అరిగాక శ్రుతి వెనక్కి రాదు. షాపులోనే ట్యూనర్ పెట్టి, బార్‌ని తీగలు వేలాడేదాకా నొక్కి వదలండి. ముల్లు చూడండి. తర్వాత పైకి లాగి వదిలి మళ్లీ చూడండి. రెండుసార్లూ ముల్లు ఒకే చోట ఆగకపోతే ఆ గిటార్ పక్కన పెట్టేయండి.