అమెరికాలో మిగిలిపోయిన డబ్బు: మనమే అడిగి తెచ్చుకోవాలా, ఏజెంటుకు అప్పగించాలా?

చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్లి తిరిగొచ్చేసినవాళ్లకు అక్కడ ఏదో ఒకటి మిగిలిపోవడం మామూలే: ఆఖరి జీతం చెక్కు, కరెంటు డిపాజిట్, మర్చిపోయిన బ్యాంకు ఖాతా, కంపెనీ ఇచ్చిన షేర్లు. సొమ్ము సొంతదారు నుంచి కొంతకాలం ఉలుకూ పలుకూ లేకపోతే, అది ఎవరి దగ్గరుందో ఆ సంస్థ దాన్ని అక్కడి రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించాలని చట్టం. కాలిఫోర్నియాలో ఈ గడువు జీతానికి 1 ఏడాది, బ్యాంకు ఖాతాకు 3 ఏళ్లు. వెనక్కి తెచ్చుకోవడానికి మూడు దారులున్నాయి. ఏది మేలన్నది మిగిలినది నగదా, షేర్లా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ప్రభుత్వానికి చేరకముందే ఆపడం

షేర్లున్నవాళ్లకు ఇదే మేలు. మిగతా రెండు దారులూ దీని తర్వాతే. కాలిఫోర్నియా తన చేతికొచ్చిన షేర్లను, సంస్థలు లెక్క సమర్పించాల్సిన ఆఖరి తేదీ నుంచి 18 నెలలు దాటాక, 20 నెలల లోపు అమ్మేస్తుంది. ఆ తర్వాత మీరు అడిగితే వచ్చేది అమ్మిన డబ్బే. షేరు ధర ఆ తర్వాత రెట్టింపైనా ఆ పెరుగుదల మీకు రాదు. అప్పగించే ముందు బ్రోకరేజి సంస్థ హెచ్చరిక ఉత్తరం పంపుతుంది కానీ, అది మీరు ఎప్పుడో ఖాళీ చేసిన అపార్ట్‌మెంటుకు వెళ్తుంది. కాబట్టి ఏడాదికోసారి లాగిన్ అవ్వండి, చిరునామా మార్చండి, కస్టమర్ కేర్‌కు ఒక మెసేజ్ పంపి దాని జవాబు దాచుకోండి.

ప్రభుత్వాన్ని మనమే అడగడం

నగదైతే ఇది చాలు. వెతకడానికి గానీ దరఖాస్తుకు గానీ ప్రభుత్వం రుసుము తీసుకోదు. ముందు చాలా రాష్ట్రాల జాబితాలు ఒకేచోట దొరికే మిస్సింగ్‌మనీ డాట్ కామ్‌లో చూసి, తర్వాత మీరు ఉన్న ప్రతి రాష్ట్రం సొంత వెబ్‌సైటులోనూ చూడండి. డెలావేర్‌ను వదలకండి. సంస్థ రికార్డుల్లో సొమ్ము సొంతదారు చిరునామా లేకపోతే, సొమ్ము ఆ సంస్థ రిజిస్టరైన రాష్ట్రానికి వెళ్తుందని 1965లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. పెద్ద కంపెనీలు చాలావరకు డెలావేర్‌లో రిజిస్టరైనవే.

మనవాళ్లు వెతుకుతూ తప్పిపోయేది పేర్ల దగ్గరే. ఇంటిపేరు ముందు, ఇంటిపేరు వెనుక, రెండు విధాలా వెతకండి. లక్ష్మి స్పెల్లింగులో ‘కెఎస్’, ‘ఎక్స్’ రెండూ ప్రయత్నించండి. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే మొదటి పేరు ‘ఎఫ్‌ఎన్‌యు’ (మొదటి పేరు తెలియదు అని) నమోదై ఉండవచ్చు, అలాగే వెతకాలి. వెంకట, సాయి లాంటి ముందుమాటలు తీసేసి కూడా చూడండి.

రుజువుగా పాస్‌పోర్టు కాక, సోషల్ సెక్యూరిటీ నంబరు, పాత చిరునామా చూపే కాగితం కావాలి. పాత డబ్ల్యూ-2లో (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్ను పత్రం) చిరునామా ఉంటుంది, చాలాసార్లు పూర్తి నంబరు కూడా ఉంటుంది. పెళ్లయ్యాక పేరు మారి ఉంటే, దానికి రుజువు కూడా పెట్టండి. కాలిఫోర్నియాలో 1,000 డాలర్లు, ఆపైన ఉంటే నోటరీ కావాలి. హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో ఒక్కో సీలుకు 50 డాలర్లు. ఆ రాష్ట్రం నిర్ణయానికి 180 రోజుల దాకా తీసుకోవచ్చు, వడ్డీ ఇవ్వదు. ఆఖరి చిక్కు చెక్కుతో. డాలర్ చెక్కును ఇక్కడి బ్యాంకుల్లో మార్చుకోవడం కష్టం, తీసుకున్నా వారాలు పడుతుంది. అక్కడి ఖాతా ఒకటి బతికించి ఉంచుకుంటే ఈ తిప్పలు ఉండవు.

ఫైండర్‌కు అప్పగించడం

ఫైండర్లంటే ఇలాంటి సొమ్మును వెతికిపెట్టి అందులో వాటా తీసుకునే ఏజెంట్లు. వీళ్లు చూసేదీ అవే జాబితాలు, అడిగేదీ మీ దగ్గరున్న అవే కాగితాలు. చాలా రాష్ట్రాలు వీళ్ల వాటాకు గరిష్ఠ పరిమితి పెట్టాయి: కాలిఫోర్నియా, టెక్సస్‌లలో 10 శాతం, న్యూయార్క్‌లో 15, వాషింగ్టన్ రాష్ట్రంలో 5. అంటే కాలిఫోర్నియాలో 2,000 డాలర్ల ఖాతాకు 200 దాకా వదులుకోవాలి. ఒక సాయంత్రం కూర్చుంటే అయ్యే పనికి అది ఎక్కువ. చనిపోయినవారి సొమ్ముకు వారసులు రెండు దేశాల్లో ఉండి, కోర్టు కాగితాలు కావాల్సి వస్తే మాత్రం సాయం తీసుకోవడంలో అర్థముంది. అప్పుడు కూడా ఫైండర్ కంటే ఆ రాష్ట్రంలో వారసత్వ వ్యవహారాలు చూసే ప్రొబేట్ లాయరు నయం. సొమ్ము ఎంత, ఎవరి దగ్గర ఉందో కాగితం మీద చెప్పని ఒప్పందంపై సంతకం పెట్టకండి. ముందే డబ్బు పంపమంటే అది మోసమే అనుకోండి.

నగదు విషయంలో కంగారు అక్కర్లేదు. కాలిఫోర్నియా, టెక్సస్, న్యూయార్క్‌లలో ఎన్నేళ్ల తర్వాతైనా అడగవచ్చు. ఇండియానాలో మాత్రం 25 ఏళ్లు దాటితే సొమ్ము ప్రభుత్వపరం అవుతుంది. పాత కంపెనీలోని 401(కె) రిటైర్మెంటు పొదుపు ఖాతా ఈ జాబితాల్లో కనిపించకపోతే పోయిందనుకోకండి. అది ఫెడరల్ చట్టం కింద నడిచేది కాబట్టి ముందు ఆ ప్లాన్ నిర్వహించే సంస్థకే రాయండి.