నీళ్లలో పడిన ఫోన్‌కు ఏది మేలు: బియ్యమా, గాలా, విప్పించడమా?

ఫోన్ నీళ్లలో పడినప్పుడు తెలిసినవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది: "బియ్యంలో పెట్టాను, ఎన్నాళ్లు ఉంచాలి?" ఏం చేయాలని అడిగేవారు తక్కువ, చేసేసిన పనిని ఎంతసేపు కొనసాగించాలని అడిగేవారే ఎక్కువ. బియ్యం వైద్యం జనంలో అంతగా పాతుకుపోయింది. అందువల్ల బియ్యం, సిలికా జెల్ (కొత్త వస్తువుల పెట్టెల్లో వచ్చే, తేమ పీల్చే గుళికలు), గాలికి ఆరబెట్టడం, ఎలక్ట్రానిక్ భాగాలు శుభ్రం చేయడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగడం, రిపేరు తెలిసినవారి చేత విప్పించి శుభ్రం చేయించడం, వీటిలో ఏది ఎప్పుడు పనికివస్తుందో ఒకచోట పోల్చి చూడదలచాను. తడి ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టకూడదన్నంత వరకు అందరికీ తెలుసు కనుక ఆ సంగతులు వివరించబోను.

ఏ పద్ధతి ఎంత త్వరగా ఆరబెడుతుందన్న దానికంటే, తడిసిన బోర్డులో (ఫోన్ లోపల చిప్పులన్నీ అమర్చి ఉండే పలకలో) కరెంటు ఎంతసేపు ఉంది, ఆరిన తర్వాత దాని మీద ఏం మిగిలింది అన్న రెండు విషయాలే ఈ పోలికను తేలుస్తాయని నా అభిప్రాయం. స్వచ్ఛమైన నీటిలో విద్యుత్తు దాదాపుగా ప్రవహించదు. కుళాయి నీటిలో కాల్షియం, సోడియం, క్లోరైడు వంటివి కరిగి ఉంటాయి గనుకనే అది విద్యుత్ వాహకమవుతుంది. ఫోన్ బ్యాటరీ సుమారు 3.8 వోల్టులు ఇస్తుంది. నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టడానికి సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలు. బోర్డు మీద మిల్లీమీటరు కూడా ఎడం లేకుండా పక్కపక్కనే ఉండే రెండు లోహపు కొసల మధ్య ఒక్క చుక్క నిలిచిందంటే, ధన ధ్రువం వైపున్న రాగి, తగరం వంటి లోహాలు అయాన్లుగా కరిగి, ఋణ ధ్రువం వైపుకు చేరి, అక్కడ కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటాయి. ఆ కొమ్మ అవతలి కొసను తాకిన క్షణాన షార్టు అవుతుంది. తడి, వోల్టేజి రెండూ కలిసి ఉన్నంతసేపే ఈ పని చురుకుగా సాగుతుంది. తడి పోవడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. ఫోన్‌ను ఆపడానికి నిమిషం చాలు.

అయితే ఆపడంలోనూ ఒక చిక్కు ఉంది. తడి తెర వేలిని గుర్తించదు కనుక ముందు పొడిబట్టతో తెరను తుడవాలి. నేటి ఫోన్లలో చాలావాటికి పవర్ బటన్ ఒక్కటే నొక్కిపడితే వాయిస్ అసిస్టెంట్ వస్తుంది. ఆపే మెనూ రావాలంటే దానితోపాటు వాల్యూమ్ బటన్ కూడా నొక్కాలి. కంగారులో ఆ రెండింటినీ మరీ ఎక్కువసేపు పట్టుకుంటే కొన్ని ఫోన్లు బలవంతంగా రీస్టార్ట్ అవుతాయి, అంటే తడిసిన బోర్డు మీద మళ్లీ పూర్తి కరెంటు పరుగెత్తుతుంది. మీ ఫోన్‌ను ఆపే పద్ధతి ఏమిటో అది పొడిగా ఉన్నప్పుడే ఒకసారి చూసుకోవడం మంచిది. పైగా ఆపేసిన ఫోన్‌లో కూడా బ్యాటరీ బోర్డుకు తగిలించే ఉంటుంది, కొన్ని లైన్లలో వోల్టేజి నిలిచే ఉంటుంది. వెనకమూత ఊడదీసి బ్యాటరీ తీసేసే రోజుల్లో ఈ సమస్య లేదు. ఇప్పుడు ఫోన్‌ను విప్పి బ్యాటరీ కనెక్టరును పీకితే తప్ప కరెంటు పూర్తిగా ఆగినట్టు కాదు. విప్పించడం వైపు నేను మొగ్గడానికి మొదటి కారణం ఇదే.

ఇక బియ్యం. పొడి బియ్యం గాలిలోని తేమను కొంత పీల్చుకునే మాట నిజమే. కానీ అది పీల్చేది తన చుట్టూ ఉన్న గాలిలోని తేమను మాత్రమే; ఫోన్ లోపల చిప్పుల మీద అమర్చిన లోహపు రేకు మూతల కింద నిలిచిన నీటిని అది బయటికి లాగలేదు. లోపలి తేమ బయటికి రావాలంటే స్పీకరు రంధ్రాలు, ఛార్జింగ్ పోర్టు వంటి ఇరుకు దారుల గుండానే రావాలి, అందుకు బయట గాలి కదులుతూ ఉండాలి. తడిబట్టను ఎవరూ బియ్యపు డబ్బాలో పెట్టి మూత వేయరు, దండెం మీద ఆరేస్తారు. ఫోన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ ఇంగితం పనిచేయదు. బియ్యపు రేణువులు ఫోన్‌ను దెబ్బతీయవచ్చు కనుక బియ్యంలో పెట్టవద్దని యాపిల్ సంస్థ తన సూచనల్లో స్పష్టంగా చెప్పింది. బియ్యంలో ఉంచిన ఫోన్ పోర్టును భూతద్దం కింద చూస్తే ఎందుకో అర్థమవుతుంది: తడికి తడిసిన పిండి, పిన్నుల మధ్య జిగురు ముద్దలా గట్టిపడి, పట్టకారుతో గోకితే తప్ప రాదు. బియ్యానికి ఒక్క సుగుణం మాత్రం ఒప్పుకోవాలి. డబ్బాలో ఉన్నంతసేపు యజమాని చేయి ఫోన్ మీద పడదు, "ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అన్న ఆత్రం అణగి ఉంటుంది. బియ్యం వల్ల బతికాయని చెప్పుకునే ఫోన్లు చాలావరకు ఈ ఓపిక వల్ల బతికినవే అయి ఉంటాయి.

సిలికా జెల్ బియ్యంకంటే చాలా మెరుగైన శోషకం, తేమ ఎక్కువగా ఉన్న గాలిలో తన బరువులో సుమారు మూడో వంతు నీటిని పట్టుకోగలదు. అయినా బియ్యానికి ఉన్న హద్దే దీనికీ ఉంది. చెప్పుల పెట్టెల్లో వచ్చే రెండు పొట్లాలు ఏ మూలకూ చాలవు.

గాలికి ఆరబెట్టడం వినడానికి ఏమీ చేయనట్టు అనిపిస్తుంది కానీ, విప్పకుండా చేయగలిగిన వాటిలో నేను దీనికే ఓటు వేస్తాను. కేసు తీసేసి, సిమ్ ట్రేను బయటికి లాగి, పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టి, మామూలు ఫ్యాన్ గాలి తగిలేచోట పోర్టు కిందివైపుకే ఉండేలా ఆనించి నిలబెట్టాలి. పోర్టు ఒక్కటే తడిసినప్పుడు కూడా పూర్తిగా ఆరడానికి ఒక రోజు వరకు పట్టవచ్చు. పోర్టులో దూది పుల్ల గానీ కాగితం గానీ దూర్చకూడదు. హెయిర్ డ్రయ్యరు ఊదితే నీరు మరింత లోపలికి పోతుంది, వేడికి తెర చుట్టూ ఉన్న జిగురు వదులుతుంది. లిథియం అయాన్ బ్యాటరీ 60 డిగ్రీలు దాటిన వేడిని భరించలేదు కనుక ఎర్రటి ఎండ, ఓవెన్ ఆలోచనలు అసలే వద్దు.

ఆల్కహాల్ గురించి అపోహలు ఎక్కువ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీటితో పూర్తిగా కలిసిపోతుంది, దాని తలతన్యత (ద్రవం చుక్కగా ముడుచుకుని ఉండే గుణం) నీటి తలతన్యతలో మూడో వంతు కూడా ఉండదు కనుక నీరు నిలిచిన ఇరుకుల్లోకి దూరుతుంది, 82 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కనుక త్వరగా ఆరిపోతుంది. ఇవన్నీ చూసి కొందరు మొత్తం ఫోన్‌నే అందులో ముంచమంటారు. అలా ముంచితే తెర పొరల్లోకి, కెమెరా కటకాల్లోకి అది దిగి మరకలు మిగులుతాయి, జిగురు మెత్తబడుతుంది. బ్యాటరీ తగిలించి ఉన్న వస్తువును మండే ద్రవంలో పెట్టడం ప్రమాదం కూడా. పైగా లవణాలు ఆల్కహాల్‌లో సరిగా కరగవు. అందుకే తెలిసినవారు ముందు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆ తర్వాతే ఆల్కహాల్ వాడతారు, అదీ బ్యాటరీ, తెర, కెమెరాలు వేరుచేసిన ఒట్టి బోర్డు మీద. కాబట్టి దీన్ని ఇంట్లో చేసుకునే వైద్యంగా లెక్కించలేను. ఇది విప్పే పనిలో భాగం.

విప్పించినప్పుడు జరిగేది ఇది: ముందు బ్యాటరీ కనెక్టరు ఊడుతుంది, రేకు మూతలు లేస్తాయి, మైక్రోస్కోపు కింద బోర్డును చూసి, మెత్తని బ్రష్షుతో గానీ అల్ట్రాసోనిక్ తొట్టెలో (ధ్వని కంపనాలతో మురికి వదిలించే తొట్టెలో) గానీ కడుగుతారు. రెండు మూడు రోజులు ఆలస్యమైన బోర్డు అక్కడ వేరేగా కనిపిస్తుంది. ఛార్జింగ్ కనెక్టరు పిన్నుల చుట్టూ రాగి చిలుము పచ్చగా పట్టి ఉంటుంది, చిప్పుల అంచుల వెంట తెల్లటి లవణపు పొర గీతలా ఉంటుంది. నీరు ఆరిపోయినా ఆ పొర ఆరినట్టు కాదు. గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుని లోహాన్ని తింటూనే ఉంటుంది. బాగానే పనిచేసిన ఫోన్ కొన్ని వారాల తర్వాత ఉన్నట్టుండి చనిపోవడానికి ఇదొక ముఖ్యమైన కారణం. ఆరబెట్టే ఏ పద్ధతీ ఈ పొరను తీయలేదు, కడగడం ఒక్కటే తీస్తుంది. అందుకే విప్పించాలనుకుంటే అదే రోజు విప్పించాలి, "ముందు బియ్యంలో చూసి, కాకపోతే అప్పుడు" అనుకుంటే ఆ రెండు రోజులే కొంపముంచుతాయి.

విప్పడానికి ఖరీదు ఉంది, డబ్బు ఒక్కటే కాదు. ఫోన్ అంచుల సీలు తెగుతుంది, కొత్త జిగురు సరిగా వేయకపోతే ఇకమీద తుంపరలకు కూడా అది ఆగదు. నీటి వల్ల జరిగిన నష్టం మామూలు వారంటీలోకి రాదు గానీ, బయట విప్పించారన్న కారణంతో మిగతా వారంటీ కూడా చిక్కుల్లో పడవచ్చు. కనుక ఫోన్ నీటిని ఎంతవరకు ఆపుతుందో చెప్పే ఐపీ67 లేదా ఐపీ68 రేటింగు ఉన్నది, పాతబడనిది, పగుళ్లు లేనిది అయి, మంచినీటిలో కాసేపు పడి ఉంటే విప్పవద్దనే అంటాను. ఐపీ67 అంటే 1 మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచి చేసిన పరీక్ష. అలాంటి ఫోన్‌లో తడిసేది సాధారణంగా పోర్టు, స్పీకరు మాత్రమే, వాటికి గాలి చాలు. అయితే ఆ పరీక్ష కదలని మంచినీటిలో, కొత్త ఫోన్ మీద జరిగినదని గుర్తుంచుకోవాలి. వాడకంలో సీలు అరుగుతుంది.

సముద్రపు నీరు, సబ్బు నీరు, టీ, కూల్‌డ్రింకు, బురద నీరు అయితే ఈ లెక్క మారిపోతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి, మామూలు కుళాయి నీటికంటే అది దాదాపు వంద రెట్లు మేలైన వాహకం. సబ్బు, నీటి తలతన్యతను తగ్గించి సీలు సందుల్లోకి దారి చేస్తుంది, చక్కెర ఆరాక బంకలా మిగిలిపోతుంది. రేటింగు ఉన్న ఫోన్ అయితే పైన అంటుకున్న ఆ ద్రవాన్ని మంచినీటితో కడిగేసి తుడవాలి. లోపలికి దిగిందన్న అనుమానం ఉంటే మాత్రం గాలికీ బియ్యానికీ వదలకుండా అదే రోజు విప్పించాలి. దిగిందో లేదో తెలియనప్పుడు సిమ్ ట్రే తీసి ఆ గాడిలోకి టార్చి వేసి చూడండి. చాలా ఫోన్లలో అక్కడ చిన్న తెల్లటి సూచిక ఉంటుంది, నీరు తగిలితే ఎర్రబడుతుంది.

రేటింగు లేని ఫోన్ మంచినీటిలో బాగా మునిగినప్పుడే నిర్ణయం కష్టం. అక్కడ నేను ఫోన్ ధరను పక్కనపెట్టి, అందులోని ఫోటోలకు బ్యాకప్ ఉందా అని అడుగుతాను. నేటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి (ఇతరులు చదవలేని సంకేత రూపంలోకి మారి) ఉంటుంది, దాన్ని విప్పే తాళంచెవి ప్రాసెసరులోనే ఉంటుంది. ఆండ్రాయిడ్ అయితే 2019లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి కొత్త ఫోన్లన్నిటికీ ఇది తప్పనిసరి. మెమరీ చిప్పును ఊడదీసి వేరేచోట చదివే వీలు లేదు, బోర్డు బతికితేనే ఫోటోలు బతుకుతాయి. బ్యాకప్ లేకపోతే మరో ఆలోచన లేకుండా విప్పించండి. బ్యాకప్ ఉండి, ఫోన్ ఎలాగూ మార్చదలచుకున్నదే అయితే ఒకటి రెండు రోజులు ఫ్యాన్ కింద ఉంచి చూడవచ్చు.

అలా ఉంచిన ఫోన్ ఆన్ అయితే ముందుగా డేటాను మరోచోటికి కాపీ చేసుకుని, ఆ తర్వాతే స్పీకరు, మైకు పరీక్షించుకోండి. కెమెరా అద్దం లోపలివైపు మసక కనిపిస్తే తేమ ఇంకా ఉన్నట్టే, కాపీ అవగానే ఆపేసి మళ్లీ గాలికి పెట్టాలి. పోర్టులో తడి ఉందన్న హెచ్చరిక వస్తుంటే దాన్ని పక్కకు నెట్టి కేబుల్ పెట్టవద్దు. వైర్‌లెస్ ఛార్జింగ్ ఉన్న ఫోన్ అయితే వెనక భాగాన్ని తుడిచి దానితో నడిపించవచ్చు. వెనకమూత ఉబ్బినట్టు అనిపించినా, బ్యాటరీ ఉన్నచోట అకారణంగా వేడెక్కినా వెంటనే ఆపేసి, మండే వస్తువులకు దూరంగా ఉంచి, బ్యాటరీ మార్పించేదాకా ఛార్జింగ్ జోలికి పోకండి.