సేఫ్టీ ప్లాన్: ఒక్కడే రాసుకోవాలా, ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టుకోవాలా?

అమెరికాలో మాజీ సైనికుడికి చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే వీఏ (మాజీ సైనికుల ప్రభుత్వ శాఖ) హాస్పిటల్‌లో సేఫ్టీ ప్లాన్ రాయిస్తారు, స్టాన్లీ, బ్రౌన్ అనే సైకాలజిస్టులు తయారుచేసిన కాగితం అది, ఆ ఆలోచనలు ముదిరితే వరసగా ఏం చేయాలో ఆరు మెట్లలో ఉంటుంది.

డాక్టర్‌తో ఒక్కడే కూర్చుంటే మనసులోది దాచకుండా చెప్తాడు, భార్య ముందు ఆ మాటలు నోటికి రావు, ఇంట్లో గొడవలే కారణమైతే ఇదే నయం కూడా. కానీ మొదటి మెట్టే ప్రమాద సూచనలు. నిద్ర పట్టట్లేదు, తాగుడు పెరిగింది, ఫ్రెండ్స్ ఫోన్లు ఎత్తట్లేదు, ఇవన్నీ ఆయనకన్నా ముందు ఆవిడకే కదా తెలిసేది! ఇక చివరి మెట్టు, ఇంట్లో తుపాకీ లాంటివి చేతికి అందకుండా చేయడం. ఒక్కడే ఉంటే "లాక్ చేస్తాలెండి" అంటాడు, తాళంచెవి మాత్రం ఆయన జేబులోనే. ఆవిడ పక్కనుంటే అది ఎవరి దగ్గరుండాలో అక్కడే తేలిపోతుంది, లాక్ ఎలాగూ వీఏ ఫ్రీగా ఇస్తుంది.

నా ఓటు రెండోదానికే, కాకపోతే ముందు ఆయనతో విడిగా మాట్లాడి, ఒప్పుకున్నాకే పిలవాలి, ఆవిడని కాపలా పోలీసుని చేయకూడదు. ఆయన అసలు ట్రీట్‌మెంట్‌కే రానంటే ఇంట్లోవాళ్ళ కోసం కోచింగ్ ఇంటూ కేర్ అని వీఏ ఫోన్ సర్వీస్ ఉంది. అర్జెంట్ అయితే 988 అనే ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కి కొట్టి, మాజీ సైనికుల లైన్ కోసం 1 నొక్కాలి, ఇంట్లోవాళ్ళు చేసినా మాట్లాడతారు.