కృష్ణా నీరా, సముద్రపు నీరా, వాన నీరా: చెన్నైకి ఏది మేలు?

2019 జూన్‌లో చెన్నైకి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ దాదాపు ఎండిపోయాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో ట్రిప్పుకు 25 లక్షల లీటర్లు తెచ్చారు. వేళచ్చేరిలో మేము లారీ ఎప్పుడొస్తుందా అని అర్ధరాత్రి మేలుకుని కూర్చునేవాళ్లం. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలకు, గిన్నెలు కడిగినవి బాత్రూముకు. అప్పటి నుంచీ చెన్నైకి ఏ నీళ్లను నమ్ముకోవాలన్న ఆలోచన నన్ను వదల్లేదు.

కృష్ణా నీళ్లంటే ఇక్కడి తెలుగువాళ్లకు మమకారం వేరు. చెన్నైకి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) ఇస్తామని 1976లో ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉండగా ఆ నీళ్లు చెన్నైకి తెచ్చే తెలుగు గంగ ఒప్పందం కుదిరింది. దారి నష్టం పోగా సరిహద్దుకు చేరాల్సింది ఏటా 12 టీఎంసీలు. రోజువారీ లెక్కకు దించితే సుమారు 93 కోట్ల లీటర్లు. శ్రీశైలం నుంచి వెలుగోడు, సోమశిల మీదుగా కండలేరు జలాశయానికి, అక్కడి నుంచి 177 కిలోమీటర్ల కాలువలో పూండికి. కండలేరు నుంచి నీరు వాలుకే పారుతుంది కాబట్టి కరెంటు ఖర్చు తక్కువ. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

కానీ చాలా ఏళ్లు ఆ వాటాలో సగం కూడా చేరలేదు. వానలు లేని ఏడాది శ్రీశైలానికే కరువు. దారిలో రైతులు మోటార్లు వేసి తోడేస్తున్నారని చెన్నైలో కోప్పడేవాళ్లున్నారు. నేను కోప్పడలేను. మా మేనమామది కండలేరు దగ్గరి రాపూరు వైపు. "కాలువ నా కళ్ల ముందరే పోతా ఉంటాది అబ్బయా, నా చేనుకి మాత్రం తడి లేదు" అన్నాడొకసారి. ఎండిపోయే వరి పక్కనుంచి మా సంపులోకి నీళ్లు రావాలని ఏ నోటితో అడగను?

సముద్రపు నీటికి ఆ పేచీ లేదు, కరువు లేదు. మింజూరులో 2010లో, నెమ్మెలిలో 2013లో రోజుకు 10 కోట్ల లీటర్ల ప్లాంట్లు వచ్చాయి. 2024లో నెమ్మెలిలోనే 15 కోట్ల లీటర్లది ఇంకొకటి మొదలైంది. అయితే వెయ్యి లీటర్ల నీటిలోంచి ఉప్పు తీయడానికి మూడు నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. తలకు 135 లీటర్ల చొప్పున నలుగురున్న ఇంటికి రోజుకు 540 లీటర్లు అనుకుంటే, నెలకు 50, 60 యూనిట్లు ఒక్క నీటికే. మన కరెంటులో పెద్ద వాటా ఇంకా బొగ్గుదే. ఆ పొగ పీల్చేది బొగ్గు కరెంటు కేంద్రాల పక్కనున్న ఎన్నూరు పిల్లలు. పైగా ప్లాంటు వదిలే చిక్కటి ఉప్పునీరు మళ్లీ జాలర్లు వలలు వేసే సముద్రంలోకే పోతుంది.

ఇక వాన. చెన్నైలో ఏడాదికి సగటున 1,400 మిల్లీమీటర్లు పడుతుంది, కరువు ఊరని ఎవరూ అనలేరు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద పడేది లక్షా ముప్పై వేల లీటర్లు. అయిదో వంతు పోయినా లక్ష మిగులుతుంది. పైన లెక్క వేసిన ఇంటికి అది ఆరు నెలల నీరు. అపార్ట్‌మెంటులో ఒక్క డాబాను పది ఇళ్లు పంచుకోవాలి కాబట్టి అంత రాదు, నిజమే. ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది కనుక అంతా డ్రమ్ముల్లో పట్టుకోలేం, భూమిలోకి దింపాల్సిందే. బెసెంట్ నగర్ ఇసుకలో ఇట్టే ఇంకుతుంది. మా వైపు బంకమట్టి. గొయ్యి లోతుగా తవ్వాలి, లేకపోతే నీరు నిలబడిపోతుంది.

2003లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి భవనానికీ ఇంకుడు గొయ్యి తప్పనిసరి చేసింది. ఆ తర్వాత చాలాచోట్ల బావుల్లో నీరు పైకొచ్చింది. ఇరవై ఏళ్లు దాటాక ఆ గోతులు ఎన్ని ఇళ్లలో పనిచేస్తున్నాయి? మా అపార్ట్‌మెంటులో గొయ్యి మీద టైల్స్ వేసి బండ్లు పెడుతున్నారు. వాన నీరు నిలవాల్సిన పళ్లికరణై చిత్తడి నేలకు 2022లో రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలలకు ఇచ్చే) గుర్తింపు వచ్చింది, దాని ఒడ్డునే పెరుంగుడి చెత్తదిబ్బ ఉంది.

దేశమంతటా కుళాయిలు పెరిగాయి. 2019 ఆగస్టులో పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ మొదలయ్యేనాటికి పల్లెల్లో 17 శాతం ఇళ్లకే కుళాయి ఉండేది, ఇప్పుడది 15 కోట్ల ఇళ్లు దాటింది. ఎంతో సంతోషం. అయితే కుళాయికి వెనక నీరుండాలి, ఆ పాఠం చెన్నై 2019లోనే చదివింది.

నా మటుకు వాన నీటిదే మొదటి పీట, ఆ తర్వాత కృష్ణమ్మ. సముద్రపు ప్లాంట్లు 2019లాంటి ఏడాదికి ఉండాల్సినవే, వద్దనను. కానీ ఇంటి డాబా మీది నీటిని మురుగు కాలవలోకి వదిలేసి, కండలేరు గేట్లు తెరవమని అడగడం నాకు మనసొప్పదు. సెప్టెంబరులో అసోసియేషన్ మీటింగు ఉంది. ఆ టైల్స్ తీయించి, గొయ్యిలో ఇసుక, గులకరాళ్లు మార్చి, మొదటి వాన మురికి బయటికి పోయేలా వాల్వు పెట్టించమని అడగబోతున్నాను. బండ్లు రెండు వారాలు వీధిలో పెట్టుకుంటే సరిపోతుంది.