రేసు మానిన గుర్రానికి నేల కర్రలు: రెండేళ్ల వాడకం తర్వాత

మలక్‌పేట ట్రాక్‌ మీద పరుగెత్తి రిటైరైన థారోబ్రెడ్ జాతి గుర్రం ఒకటి మా దగ్గరికి వచ్చి రెండేళ్లు దాటింది. ఒళ్లు వంచడం, బరువు నాలుగు కాళ్ల మీదా సమంగా మోయడం దానికి నేర్పడానికి నేను వాడినవాటిలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చినవి నేల మీద పరిచే కర్రలు. సవారీ నేర్పేవాళ్లు వీటిని గ్రౌండ్ పోల్స్ అంటారు. కాస్త ఎత్తులో పెడితే కావలెట్టి అంటారు. మెడ దించడానికి కట్టే పట్టీలు, తాళ్లు మార్కెట్లో చాలా ఉన్నాయి కానీ నా ఓటు కర్రలకే.

ఎందుకో అర్థం కావాలంటే ముందు గుర్రం సంగతి తెలియాలి. రేసు గుర్రాలు రెండేళ్ల వయసుకే ట్రాక్ ఎక్కుతాయి. మెడ చాచి, బరువంతా ముందుకాళ్ల మీదికి తెచ్చి, వీలైనంత వేగంగా పోవడమే వాటి పని. రేసులో మలుపులూ ఒకవైపే. మాది 20 మీటర్ల వృత్తంలో కుడివైపు బాగానే తిరిగేది. ఎడమకు తిప్పగానే భుజం బయటికి తోసేది, మెడ మాత్రమే లోపలికి వంచేది. ఇక కళ్లెం సంగతి. జాకీ పగ్గాలు బిగించి పట్టుకుంటే వాటి మీద ఆనుకుని పరుగెత్తడం దానికి అలవాటు. మనం ఆపుదామని లాగితే అది ఇంకాస్త ఆనుకుని జోరు పెంచుతుంది. చేతి బలంతో తేలే వ్యవహారం కాదిది.

కర్రలు అక్కరకొచ్చింది ఇక్కడే. ఎదురుగా కర్ర కనబడితే గుర్రం తనంతట తానే మెడ దించి చూస్తుంది. మెడ దిగితే వీపు పైకి లేస్తుంది. కర్ర తగలకుండా ఒక్కో కాలూ ఎత్తి వేయాలి కాబట్టి వెనక కాళ్ల కీళ్లు బాగా వంగుతాయి, అడుగుల్లో లయ కుదురుతుంది. రౌతు చేయాల్సిందల్లా చేతులు మెత్తగా ఉంచి, చూపు దూరంగా నిలిపి, బరువు అటూ ఇటూ పడకుండా కూర్చోవడం.

ఎలాంటి కర్ర అన్నది చాలా ముఖ్యం. మొదట కొన్న ప్లాస్టిక్ గొట్టాలు తేలికగా ఉండి గిట్ట తగలగానే దొర్లిపోయేవి. ఎండకు పెళుసెక్కి పగిలితే అంచులు కత్తుల్లా తేలాయి. దొర్లే కర్ర మీద గుర్రం కాలు వేస్తే గిట్ట పైకీలు బెణుకుతుంది, అది మామూలు ప్రమాదం కాదు. అందుకే అడితిలో సరుగుడు కర్రలు తీసుకుని, పదేసి అడుగులకు కోయించి, వడ్రంగి చేత పక్కలు చదును చేయించాం. తెలుపు, ఎరుపు పట్టీలు వేశాం. ఇవి బరువుగా ఉంటాయి, కదలవు. వానల్లో నేల మీద వదిలేస్తే మాత్రం చెద పట్టేస్తుంది.

కర్రకూ కర్రకూ మధ్య దూరం వాక్‌కు, అంటే నడకకు సుమారు 80 సెంటీమీటర్లు, ట్రాట్‌కు, అంటే నెమ్మది పరుగుకు 1.3 మీటర్లు, కాంటర్‌కు, అంటే అంతకంటే వేగమైన దౌడుకు 3 మీటర్లు. మొదలుపెట్టడానికే ఈ కొలతలు. ఆ తర్వాత గుర్రం అడుగును బట్టి సర్దుకోవాలి. నేను మట్టిని చదును చేయించి, గుర్రం దాటాక గిట్టల జాడలు చూస్తాను. జాడ రెండు కర్రలకూ సరిగ్గా నడిమిన పడితే దూరం కుదిరినట్టు. ముందు కర్రకు అంటుకుని పడితే దూరం తగ్గించాలో పెంచాలో అక్కడే తెలిసిపోతుంది. ఈ సర్దుబాటుకు కింద ఒక మనిషి ఉండాల్సిందే. ఒంటరిగా సవారీ చేసేవాళ్లకు ఇది నిజంగా ఇబ్బంది.

మొదట వాక్‌లో ఒకే ఒక్క కర్ర పెట్టాం. మాది దాన్ని దాటలేదు, గోడ దూకినంత ఎత్తున దూకింది. అది నిమ్మళించాక ఒకేసారి మూడు పెట్టాం. ట్రాట్‌లో రెండు కర్రలు పెట్టకపోవడం మంచిది, గుర్రం ఆ రెంటినీ ఒకే అడ్డంకి అనుకుని కలిపి దూకేస్తుంది. తర్వాత వృత్తం మీద, లోపలి కొసలు దగ్గరగా, బయటి కొసలు దూరంగా ఉండేలా పరిచాం. ఎడమవైపు బిగుసుకుపోవడం తగ్గింది ఈ అమరికతోనే. కర్రలు దాటాక గట్టిగా బుసకొట్టి, మెడ చాచి, నోట్లో కడ్డీని మెల్లగా నమలడం మొదలుపెడితే వీపు వదులైందని అర్థం. అది చూసిన రోజున నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. వీపు మీద కండ నిండేసరికి పాత జీను బిగుతైపోయింది, మళ్లీ సరిచేయించాం. ఆ ఖర్చుకు కూడా సిద్ధపడండి.

కర్రలతోనే అంతా అయిపోదు. పక్కటెముకల దగ్గర వంపు రావాలంటే షోల్డర్-ఇన్, అంటే గుర్రం భుజాలను కాస్త లోపలికి తెచ్చి ఒళ్లు వంచి నడిపించడం, చేయించాలి. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ గురువు గెరినియేర్ తీర్చిదిద్దిన ఆ అభ్యాసానికి ఇప్పటికీ సాటి లేదని నా అభిప్రాయం. కర్రల మీద సమతూకం కుదిరాకే మాది దానికి ఒప్పుకుంది.

రేసుల్లో ముందుకాలి టెండన్లు, అంటే కండను ఎముకకు కలిపే పట్టీలు, దెబ్బతిన్న గుర్రాలు చాలా ఉంటాయి. పశువైద్యుడు కాళ్లు తడిమి చూసి సరేననే దాకా కర్రల జోలికి పోవద్దు. కాళ్లు బాగున్నా వారానికి రెండు మూడుసార్లు, ఇరవై నిమిషాలు మించకుండా చేయిస్తే చాలు. వేసవిలో నేల గట్టిబడినప్పుడు మేం పూర్తిగా ఆపేస్తాం. కాంటర్‌లో మాది ఇప్పటికీ మూడో కర్ర దగ్గర తొందరపడుతోంది, అందుకని ప్రస్తుతానికి అక్కడ ఒకే కర్రతో చేయిస్తున్నాను.